లారీకి తన వేగం తెలుసా?

కర్నూలు, కడప జిల్లాల్లో పాత లారీ నడుపుకునే ఓనరుకు ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు) నెల దగ్గర పడిందంటే పెయింటు, రేడియం స్టిక్కర్లు, బ్రేకు లైనర్లతో పాటు ఇంకో ఖర్చు తప్పడం లేదు. అది స్పీడ్ గవర్నరు. ఉన్నది పని చేయకపోతే బాగు చేయించాలి, లేకపోతే కొత్తది కట్టించాలి. షెడ్డులో ఈ మాట వచ్చినప్పుడల్లా వాదన ఒకే దారిలో నడుస్తుంది. గవర్నరు పెడితే బండి పికప్ పోతుందని ఒకరంటే, డీజిల్ మిగులుతుందని ఇంకొకరు. ఇదంతా కంపెనీలు బతకడానికి పెట్టిన రూలని మరొకరు. మైకో పంపు బండే మేలని, కంప్యూటరు బండ్లు మన ఎండకూ దుమ్ముకూ ఆగవని చివరికి ఎవరో ఒకరు తేల్చేస్తారు.

ఈ వాదనలన్నిటి అడుగున ఒక చిన్న వస్తువు ఉంది. గేరుబాక్సు వెనక, జాయింటు షాఫ్టు మొదలయ్యే చోట, బొటనవేలంత సెన్సరు. బండి ఎంత వేగంతో పోతోందో గవర్నరుకు గానీ, ఇంజను కంప్యూటరుకు గానీ చెప్పే సాక్షి అదొక్కటే. పాత లారీకి కొత్త ఎలక్ట్రానిక్ సరంజామా తగిలించే వ్యవహారమంతా ఆ సాక్షి నిజం చెబుతోందా లేదా అన్న దాని మీదే నిలబడింది. గవర్నరు ఏ కంపెనీది, ఎంత ధర అన్నవి ఆ తర్వాతి మాటలు. మన దగ్గర మాత్రం ధర మాట్లాడి, సర్టిఫికెట్టు తీసుకుని, సెన్సరు సంగతి ఎవరూ అడగకుండానే పని ముగుస్తోంది.

ముందుగా ఒక అపోహ తీర్చుకోవాలి. లారీకి ఫ్యూయల్ ఇంజెక్షన్ కొత్తగా వచ్చిన విద్య కాదు. అమెరికాలో పాత షెవర్లే, జీఎంసీ ట్రక్కులను ముచ్చటగా పెంచుకునేవాళ్లు బండిని ఇంజెక్షన్‌కు మార్చామంటే, పెట్రోలు ఇంజను మీది కార్బురేటరు విప్పేసి కంప్యూటరుతో నడిచే ఇంజెక్షన్ యూనిట్ బిగించామని అర్థం. మనవి డీజిల్ లారీలు. డీజిల్ ఇంజను పుట్టుకతోనే ఇంజెక్షన్ ఇంజను. మన దగ్గర మార్పిడి వేరే రకంగా, రెండు విడతల్లో వచ్చింది. మొదటిది 1950, 60లలో. అప్పటి ఫార్గో, డాడ్జి, బెడ్‌ఫోర్డు పెట్రోలు లారీల్లో ఇంజను దించేసి, మద్రాసు సింప్సన్ కంపెనీ తయారు చేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు ఎక్కించారు. ఆ మార్పిడిలో వేగం గొడవే లేదు. స్పీడోమీటరు కేబుల్ గేరుబాక్సు నుంచి వస్తుంది కాబట్టి, ముందున్న ఇంజను ఏదైనా దానికి పట్టింపు లేదు. రెండో విడత ఇప్పుడు నడుస్తున్నది. మెకానికల్ పంపు పోయి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ రావడం, పంపు బండిగానే మిగిలినదానికి ఎలక్ట్రానిక్ పరికరాలు తగిలించడం. వేగం సెన్సరు లేకపోతే ఈ విడతలో ఏదీ సరిగ్గా నడవదు.

పాత పంపు సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. టాటా కంపెనీ 1954లో మెర్సిడెస్ బెంజితో కలిసి లారీలు మొదలుపెట్టింది. అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. ఈ రెండు కంపెనీల బండ్లలో లక్షల పంపులు బెంగళూరు మైకోవి. 1951లో పుట్టిన ఆ కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకున్నా, సీమలో పంపు రూముకు పోయి అడిగితే ఇప్పటికీ మైకో పంపే. ఆ పంపులో సిలిండరుకొక ప్లంజరు ఉంటుంది. ప్లంజర్లన్నిటినీ ఒకేసారి తిప్పే ర్యాకు ఒకటి. ర్యాకు ఎంత జరిగితే అంత డీజిల్. వెనక వైపు డబ్బాలో స్ప్రింగుల మధ్య తిరిగే రెండు ఇనుప గుండ్లు. ఇంజను ఎక్కువ తిరిగితే ఆ గుండ్లు విచ్చుకుని ర్యాకును వెనక్కి లాగుతాయి, తక్కువ తిరిగితే దగ్గరికి వచ్చి ముందుకు తోస్తాయి. ఐడిల్‌లో బండి ఆగిపోకుండా, పై హద్దు దాటి ఇంజను పగిలిపోకుండా కాపాడేది ఇదే. కరెంటు చుక్క అవసరం లేదు. ఒకసారి స్టార్టయితే బ్యాటరీ తీసేసినా నడుస్తుంది. డెబ్బై ఏళ్లు ఈ దేశపు సరుకును మోసిన యంత్రమిది. దాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లంటే నాకు కిట్టదు.

ఈ గుండ్ల డబ్బా పేరు కూడా గవర్నరే. షెడ్డు వాదనలో సగం గందరగోళం ఇక్కడ పుడుతుంది. పంపులో ముందే గవర్నరుంటే మళ్లీ గవర్నరెందుకని ఓనరు అడుగుతాడు. పంపు గవర్నరుకు తెలిసింది ఇంజను చుట్లు మాత్రమే. ఆ చుట్లు మొదటి గేరులో తిరుగుతున్నాయా, టాప్ గేరులోనా, బండి నాపరాయి లోడుతో బేతంచెర్ల మిట్ట ఎక్కుతోందా, ఖాళీగా ఓర్వకల్లు దగ్గర నాలుగు వరుసల రోడ్డు మీద ఎగిరిపోతోందా, దానికి తెలియదు. చక్రాల మాట దానిదాకా చేరే దారే లేదు.

చక్రాల మాట డ్రైవరుకు మాత్రం చేరేది, స్పీడోమీటరు కేబుల్ ద్వారా. గేరుబాక్సు తోకలో ఒక వార్మ్ గేరు, దాని పక్కన చిన్న పినియను, అక్కడి నుంచి మీటరు దాకా తిరిగే ఉక్కు తీగ. మీటరులో ఆ తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నె దాన్ని అంటకుండానే వెంట తిరగబోతే, సన్నని స్ప్రింగు ఆపుతుంది. గిన్నె ఎంత మేర తిరిగిందో అదే ముల్లు చూపే వేగం. బెర్లిన్‌లో ఓటో షుల్జె 1902లో పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. మన లారీల్లో చాలావాటికి కేబుల్ తెగి ఏళ్లవుతుంది. ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. డ్రైవరు ఇంజను మోతను బట్టి, పక్కనుంచి పోయే చెట్లను బట్టి వేగం లెక్కగడతాడు. ఆశ్చర్యంగా ఆ లెక్క చాలాసార్లు సరిపోతుంది కూడా. కానీ చెట్లను చూసి లెక్కగట్టడం ఏ ఎలక్ట్రానిక్ పెట్టెకూ చేతకాదు.

ఇక కొత్త వైపు. కంప్యూటరు అదుపులో డీజిల్ కొట్టే కామన్ రైల్ పద్ధతిని లారీలో మొదట పెట్టింది జపాన్‌కు చెందిన డెన్సో, 1995లో. కార్లలోకి బాష్ 1997లో తెచ్చింది. మన దేశంలో బీఎస్-3 కాలుష్య ప్రమాణాల దాకా చాలా లారీలు మెకానికల్ పంపుతోనే నెట్టుకొచ్చాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 బండ్ల అమ్మకాన్ని సుప్రీంకోర్టు ఆపేయడంతో లారీ ఇంజన్లకు ఎలక్ట్రానిక్స్ తప్పనిసరి అయినట్టే. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఇంకో దారే లేదు. ఈ ఇంజన్లలో ర్యాకు లేదు, గుండ్లు లేవు. ఏ సిలిండరుకు, ఏ క్షణంలో, ఎంత డీజిల్ కొట్టాలో కంప్యూటరే తేలుస్తుంది. దానికి ఇంజను చుట్లు, పెడల్ స్థితి, గాలి ఒత్తిడి, నీళ్ల వేడి తెలియాలి. బండి వేగం ఎందుకు తెలియాలన్నదే అసలు ప్రశ్న.

దీనికి జవాబు అమెరికా పాత ట్రక్కుల అనుభవంలో తేటగా దొరుకుతుంది. జనరల్ మోటార్స్ 1987 నుంచి తన పెట్రోలు ట్రక్కుల్లో పెట్టిన ఇంజెక్షన్ యూనిట్‌ను, కంప్యూటరుతో సహా ఊడదీసి, అంతకు ముందటి కార్బురేటరు ట్రక్కులకు బిగించడం అక్కడ బాగా నడిచింది. చాలామంది వేగం సెన్సరు వైరును వదిలేసేవాళ్లు. బండి స్టార్టయ్యేది, లాగేది, అంతా బాగున్నట్టే ఉండేది. సిగ్నల్ దగ్గర నెమ్మదిగా ఆగబోయేసరికి ఇంజను చచ్చిపోయేది, లేదా ఐడిల్ పైనే నిలిచిపోయి దిగేది కాదు. బండి కదులుతోందా ఆగిందా అన్నది తెలియకుండా ఆ కంప్యూటరు ఐడిల్ గాలిని సర్దలేదు. ఆటోమేటిక్ గేరుబాక్సులో కన్వర్టరు లాకు కూడా పడేది కాదు. దానికి విరుగుడు కేబుల్ దగ్గరే దొరికింది. ఆ బండ్ల స్పీడోమీటరు కేబుల్ మైలుకు 1000 చుట్లు తిరుగుతుంది. కేబుల్ మధ్యలో చుట్టుకు 2 పల్సులిచ్చే సెన్సరు పెడితే మైలుకు 2000, చుట్టుకు 4 పల్సులిచ్చేది పెడితే 4000. కంప్యూటరు ఏ లెక్క కోరుతుందో ఆ సెన్సరు పెడితే చాలు, బండి బుద్ధిగా ఆగడం నేర్చుకుంటుంది.

డీజిల్ లారీలో ఐడిల్ అంత సుకుమారం కాదు కాబట్టి ఆ చిక్కు అంతగా కనబడదు. అక్కడ వేగం సెన్సరు పనులు వేరు: రోడ్డు వేగానికి హద్దు, క్రూయిజ్, ఇంజను బ్రేకు, మైలేజీ లెక్క. సెన్సరు పోతే కంప్యూటరు ఊరుకోదు. కమిన్స్ ఇంజన్లలో వేగం సిగ్నల్ లేనప్పుడు ఇంజను ఎన్ని చుట్లకు మించకూడదో ముందే రాసి పెట్టే ఏర్పాటు ఉంది. వేగ హద్దును తప్పించుకోవడానికి డ్రైవరు వైరు పీకేస్తే బండి ఇంకా నెమ్మదించాలన్నది దాని ఉద్దేశం. తెలివైన ఏర్పాటే. కానీ టిప్పరు దగ్గర ఇదే తలనొప్పి. బాడీ ఎత్తేటప్పుడు బండి నిలబడి ఉంటుంది, ఇంజను మాత్రం గట్టిగా తిరగాలి. వైరు తెగిందా, లోడు దించుతున్నాడా అన్న తేడాను కంప్యూటరుకు ఇంకో వైరు ద్వారా చెప్పాలి. మంగంపేట ముగ్గురాయి తవ్వకాల్లోనో, ఎర్రగుంట్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల సున్నపురాయి గనుల్లోనో తిరిగే బండికి ఇది రోజూ ఎదురయ్యే పని.

ఇప్పుడు మన పాత పంపు లారీకి వద్దాం. 2015 ఏప్రిల్‌లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనల్లోని 118వ రూలును సవరించింది. ఆ ఏడాది అక్టోబరు 1 తర్వాత తయారైన రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్ల హద్దుతో స్పీడ్ గవర్నరు ఉండాలి. డంపర్లు, ట్యాంకర్లు, స్కూలు బస్సులు, ప్రమాదకరమైన సరుకు మోసే బండ్లకు హద్దు 60. అంతకు ముందటి బండ్లలో ఏ రకాలకు పెట్టించాలో రాష్ట్రాలు చెప్పాలి. పరికరం ఎలా ఉండాలో ఏఐఎస్-018 ప్రమాణం చెబుతుంది. సీళ్లు ఉండాలి, డ్రైవరు చెయ్యి పెట్టి మార్చేలా ఉండకూడదు.

పంపు బండికి బిగించే రకంలో మూడు భాగాలు: గేరుబాక్సు దగ్గర సెన్సరు, క్యాబిన్‌లో కంట్రోలు పెట్టె, పంపుకు పోయే డీజిల్ లైనులో సోలెనాయిడ్ వాల్వు. వేగం హద్దుకు చేరగానే వాల్వు డీజిల్‌ను కుదిస్తుంది, పంపు ఆకలితో మెత్తబడుతుంది. ఎలక్ట్రానిక్ పెడల్ ఉన్న బండిలో వాల్వు అక్కర్లేదు. పెడల్ నుంచి పోయే సిగ్నల్‌ను మధ్యలో పట్టుకుని తగ్గించి పంపితే సరిపోతుంది. ఎలక్ట్రానిక్ పెడల్ లేని పంపు బండికి ఈ రెండింటిలో వాల్వు రకమే గతి. వాల్వు నాసిరకమైతే గాలి పట్టి బండి దారిలో ఆగుతుందన్న డ్రైవర్ల ఫిర్యాదులో నిజముంది. అయితే దాని పరిష్కారం నట్టు బిగింపులో, మంచి వాషరులో ఉంది, గవర్నరును పీకేయడంలో లేదు.

సెన్సరు బిగింపు దగ్గర మేస్త్రీ పనితనం తెలుస్తుంది. కేబుల్ నట్టు విప్పి, గేరుబాక్సుకూ కేబుల్‌కూ మధ్య సెన్సరును ఎక్కించి, పైన మళ్లీ కేబుల్ బిగించే రకం పాత బండికి అనువైనది. మీటరు ముల్లూ ఆడుతుంది, పెట్టెకు సిగ్నలూ పోతుంది. రెండు వైర్ల సెన్సరు, మూడు వైర్ల సెన్సరు వేర్వేరు జాతులు. రెండు వైర్లది అయస్కాంతం మీద చుట్టిన కాయిల్. పంటి చక్రం దాని ముందు తిరిగితే కరెంటు పుట్టిస్తుంది. నెమ్మదిగా పోతే పుట్టే కరెంటూ తక్కువే, ఒక దశలో పెట్టె దాన్ని పోల్చుకోలేదు. మూడు వైర్లది హాల్ సెన్సరు. 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం మీద నడిచేది. దానికి బయటి నుంచి కరెంటు ఇవ్వాలి, కానీ నడిచే వేగమైనా పరిగెత్తే వేగమైనా ఒకే తీరుగా శుభ్రమైన పల్సులిస్తుంది. పాత బండికి నేనైతే మూడు వైర్లదే అంటాను. ఒక్క షరతు: ఎర్తు వైరును తుప్పు పట్టిన ఛాసిస్ బోల్టుకు చుట్టి వదలకుండా బ్యాటరీ నెగెటివ్ దాకా లాగాలి. ఆల్టర్నేటరు రెగ్యులేటరు పాడైన బండికి దాన్ని బాగు చేయకుండా ఏ సెన్సరు పెట్టినా అది ఎక్కువ కాలం బతకదు.

ఇంతవరకూ చెప్పినది బిగింపు. బిగింపు బాగున్నా సెన్సరు అబద్ధం చెప్పొచ్చు. సెన్సరు లెక్కపెట్టేది జాయింటు షాఫ్టు చుట్లను. రోడ్డు మీద కిలోమీటర్లను కాదు. మధ్యలో రెండు గుణకాలున్నాయి, వెనక ఇరుసు హౌసింగులోని క్రౌను పినియను గేర్లు ఒకటి, టైరు ఒకటి.

టాటా లారీల హౌసింగుల్లో బాగా కనబడే క్రౌన్లు రెండు. ఆరు-నలభై ఒకటి, ఏడు-నలభై ఒకటి. పినియనుకు 6 పళ్లు, క్రౌనుకు 41 అయితే షాఫ్టు 6.83 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. ఏడు పళ్లదైతే 5.86 చుట్లు చాలు. గనుల్లో, మిట్టల్లో లాగే బండికి ఆరు, లైను మీద దూరం పోయే బండికి ఏడు. 10.00-20 టైరు ఒక చుట్టుకు సుమారు 3.25 మీటర్లు పోతుంది, అంటే కిలోమీటరుకు 308 చుట్లు. ఏడు పళ్ల పినియను బండిలో షాఫ్టు కిలోమీటరుకు సుమారు 1800 చుట్లు తిరుగుతుంది. ఆరు పళ్లదానిలో 2100. ఇప్పుడు హౌసింగ్ పోయిందనుకోండి. స్క్రాపులో ఏది దొరికితే అది ఎక్కిస్తారు. తర్వాత షెడ్డులో ఇలాంటి మాటలు వినబడతాయి:

“మేస్త్రీ, బండి డెబ్బై కూడా పోవడంలే. ఎనభై అని కదా సర్టిఫికెట్టు ఇచ్చిరి?”

“హౌసింగు మార్చినానంటివే, క్రౌను ఎంత పడిందన్నా?”

“అదెవురు సూసినారు? దొరికింది ఏసిరి.”

ఏడు పోయి ఆరు వచ్చింది. షాఫ్టు ఎక్కువ తిరుగుతుంది, పెట్టె దాన్ని ఎక్కువ వేగమనుకుంటుంది. అసలు వేగం 68 దాటగానే 80 అయిందని డీజిల్ కోసేస్తుంది. డ్రైవరు గవర్నరును తిట్టుకుంటాడు. ఇది కిరాయికి నష్టమే తప్ప ప్రాణానికి కాదు. ప్రాణం మీదికి వచ్చేది తిరగబడ్డప్పుడు. ఆరుకు లెక్క కట్టిన బండికి ఏడు పడితే, పెట్టె 80 అనుకుంటున్నప్పుడు లారీ 93లో ఉంటుంది. 60 హద్దున్న ట్యాంకరు 70లో పోతుంది. సీలు చెక్కుచెదరదు, సర్టిఫికెట్టు గడువులోనే ఉంటుంది, వైరు ఎవరూ పీకలేదు. రికార్డుల ప్రకారం ఆ బండిలో లోపమే లేదు.

టైరు తేడా ఇంత పెద్దది కాదు. 9.00-20కి బదులు 10.00-20 వేస్తే నూటికి మూడు, నాలుగు వంతులు. అరిగిన టైరు చిన్నదవుతుంది కాబట్టి ఎక్కువ చుట్లు తిరిగి, అసలు కంటే కాస్త ఎక్కువ వేగం చూపిస్తుంది. అది భద్రత వైపు తప్పు, దాన్ని క్షమించొచ్చు. ఏబీఎస్ ఉన్న బండ్లలో చక్రం దగ్గరే పంటి రింగు, సెన్సరు ఉంటాయి. అక్కడి నుంచి వేగం తీసుకుంటే క్రౌను గొడవ మొత్తం పోతుంది. పాత బండికి ఆ సౌకర్యం లేదు.

ఐరోపాలో ఈ విషయాన్ని కాగితం మీద వదిలేయలేదు. అక్కడి లారీల్లో వేగాన్నీ డ్రైవరు పనిగంటలనూ నమోదు చేసే టాకోగ్రాఫ్ ఉంటుంది, దాని సెన్సరు కూడా గేరుబాక్సు దగ్గరే. డ్రైవర్లు ఆ సెన్సరు మీద అయస్కాంతం అంటించి బండి నిలబడినట్టు చూపించే దొంగ విద్య నేర్చారు. తర్వాత అయస్కాంతానికి లొంగని సెన్సర్లు తప్పనిసరి చేశారు. అంతకంటే మనకు పనికొచ్చేది ఇంకొకటుంది. రెండేళ్లకోసారి, టైరు చుట్టుకొలత గానీ కిలోమీటరుకు పల్సుల లెక్క గానీ మారినప్పుడల్లా, గుర్తింపు ఉన్న వర్క్‌షాపులో బండిని కొలిచి, ఆ అంకెలను ఒక పలక మీద రాసి బండిలో అంటిస్తారు. తనిఖీ చేసేవాడు పలక చూసి, టైరు చూస్తే తేడా తెలిసిపోతుంది.

జీపీఎస్ ఉండగా ఇదంతా ఎందుకని కుర్ర మెకానిక్కులు అడుగుతున్నారు. 2019 నుంచి కొత్త ప్రయాణికుల వాహనాలకు ఏఐఎస్-140 ట్రాకింగ్ పరికరాలు వచ్చాయి, అవి వేగం కూడా చెబుతాయి. జీపీఎస్‌కు క్రౌను తెలియదు, టైరు తెలియదు, అందుకే ఆ విషయంలో అబద్ధమాడదు. కానీ అది సెకను ఆలస్యంగా చెబుతుంది. నల్లమలలో ఆత్మకూరు, దోర్నాల మధ్య చెట్ల కింద, మలుపుల్లో తడబడుతుంది. డీజిల్ కోసే పనికి గేరుబాక్సు సెన్సరు, ఆ సెన్సరు నిజం చెబుతోందో లేదో తేల్చే పనికి జీపీఎస్ అన్నది సరైన పంపకం.

ఘాటు దగ్గర ఈ పరికరాలన్నిటి హద్దు తెలుస్తుంది. కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాటు పాలకోవకు ఎంత పేరో, బ్రేకులు ఫెయిలై లోయ వైపు పోయిన లారీలకూ అంతే పేరు. గవర్నరు డీజిల్‌ను కోస్తుంది, బండిని పట్టుకోదు. లోడుతో దిగే లారీ తన బరువుకే వేగం పుంజుకుంటే సెన్సరు ఎంత నిజం చెప్పినా పెట్టె చేయగలిగింది ఏమీ లేదు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దింపే అలవాటు ఇంకా పోలేదు. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీది కాలు తీస్తే పాత పంపులో గుండ్లు ర్యాకును లాగేస్తాయి, కొత్త ఇంజనులో కంప్యూటరు ఇంజెక్టర్లను మూసేస్తుంది. రెండింటిలోనూ డీజిల్ పోవడం ఆగిపోయినట్టే. న్యూట్రల్ చేస్తే ఇంజను ఐడిల్ కోసం తాగుతూనే ఉంటుంది, ఎయిర్ కంప్రెసరు నెమ్మదిస్తుంది, బరువంతా డ్రమ్ముల మీద పడుతుంది. కాలే డ్రమ్ము ఎప్పుడు వదిలేస్తుందో చెప్పే సెన్సరు ఆ పాత బండిలో లేదు.

దుమ్ము, ఎండ, ఎలుకల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నంద్యాల ఎండకు ప్లాస్టిక్ కనెక్టరు పెళుసెక్కుతుంది, ముద్దనూరు బూడిద లారీల్లో సందుసందునా బూడిద చేరుతుంది, గేరుబాక్సులో అరిగిన ఇనుప రజను సెన్సరు మొనకు మీసంలా పట్టుకుని పల్సులను మింగేస్తుంది. గేరు ఆయిల్ మార్చినప్పుడల్లా సెన్సరు విప్పి గుడ్డతో తుడిస్తే చాలు. స్కానరులో వేగం సెన్సరు లోపాన్ని చూపే పీ0500 కోడ్ కనబడగానే కొత్త సెన్సరు కొనిపించే చోట బండి వదలకండి. చాలాసార్లు తప్పు వైరులోనే ఉంటుంది.

పాత ఛాసిస్‌లో కామన్ రైల్ ఇంజను ఎక్కిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన కొందరికి ఉంది. సాంకేతికంగా అసాధ్యం కాదు. వైరింగ్ హార్నెస్సు, పెడల్, కంప్యూటరు, వేగం సెన్సరు అన్నీ ఒకే బండి నుంచి తెచ్చుకుంటే నడుస్తుంది. కానీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు రెండూ ప్రమాదంలో పడతాయి. ప్రదర్శనకు ఉంచుకునే బండికైతే అది సరదా, కిరాయి తిరిగే బండికి దండుగ.

మొత్తం మీద నాకు తోచిన తీర్పు ఇది. పాత లారీ మైకో పంపుతోనే నడవనివ్వండి. దాన్ని కంప్యూటరు బండిగా మార్చే ఖర్చు తిరిగి రాదు. దాని మీద పెట్టే గవర్నరు మాత్రం నిజమైనదై ఉండాలి, అది సెన్సరు లెక్కతోనే సాధ్యం. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండి ఏటా ఎఫ్‌సీకి రావాల్సిందే. ఆ తనిఖీలో స్పీడోమీటరు, గవర్నరు రెండూ ఉన్నాయి. అప్పుడు సీలునూ సర్టిఫికెట్టునూ చూసి వదిలేయకుండా, బండిని ఒక్క కిలోమీటరు నడిపించి జీపీఎస్‌తో పోల్చి చూడటం బ్రేకు ఇన్‌స్పెక్టరుకు పది నిమిషాల పని. క్యాబిన్ పక్కన ఖాళీ బరువు, లోడు బరువు, టైరు సైజు ఎలాగూ రాయిస్తున్నాం. అదే వరుసలో క్రౌను పళ్లు, కిలోమీటరుకు పల్సులు రాయించమని రవాణా శాఖ చెప్పొచ్చు. పెయింటరుకు రెండు లైన్లు ఎక్కువ, అంతే.

శాఖ చెప్పేదాకా ఆగక్కర్లేదు. ఈసారి హౌసింగు గానీ, గేరుబాక్సు గానీ, టైరు సైజు గానీ మార్చినప్పుడు పాత లెక్కా కొత్త లెక్కా ఒక కాగితం మీద రాయించుకుని గవర్నరు కట్టినవాడి దగ్గరికి పోండి, మళ్లీ కొలిచి సీలు వేయమనండి. తర్వాత కర్నూలు నుంచి డోన్ వైపు 44వ నంబరు హైవే మీద తిన్నని చోట మీటరును 60 దగ్గర నిలిపి, పక్క సీట్లో క్లీనరును ఫోనులో జీపీఎస్ చూడమనండి. ఫోను లేకపోతే కిలోమీటరు రాయి నుంచి రాయికి సరిగ్గా 60 సెకన్లు పట్టాలి. 51 సెకన్లకే రెండో రాయి వచ్చిందంటే మీ బండి 70లో పోతోంది. ఎఫ్‌సీ ఉన్నా సరే, ఆ లోడు దించగానే షెడ్డుకు మళ్లించండి.